గార పండ్లు పోయినా ఆగని పంటి బాధలు

నల్లగొండ జిల్లా మునుగోడు ప్రాంతంలో పుట్టి పెరిగిన నా ఈడు వాళ్ళలో చాలామందికి నవ్వు వచ్చినప్పుడు చెయ్యి దానంతట అదే నోటికి అడ్డం పోతుంది. ముందు పండ్ల మీద పసుపు, గోధుమ రంగు చారలు ఉంటాయి. వాటిని మేము గార పండ్లు అంటాం. సరిగ్గా తోముకోక వచ్చిన గార కాదది. మా నేలలోని గ్రానైట్ రాళ్ళ నుంచి ఫ్లోరైడ్ భూగర్భ జలంలో కరిగి బోరు నీళ్ళలోకి చేరుతుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీళ్ళను ఎనిమిదేళ్ళ లోపు పిల్లలు తాగుతూ పోతే, చిగురు లోపల తయారవుతున్న పంటి పైపొర అక్కడే దెబ్బతింటుంది. అందుకే దూరపు ఊళ్ళ నుంచి కోడళ్ళుగా వచ్చిన వాళ్ళకు ఏళ్ళ తరబడి అవే నీళ్ళు తాగి కీళ్ళు పట్టేసినా పండ్లు మాత్రం తెల్లగానే ఉండేవి. ఈ సంగతి తెలియక నేను పదో తరగతిలో ఇటుక పొడితో నెలల తరబడి రుద్దుకున్నాను. చార పోలేదు, పన్ను అరిగి చల్లనీళ్ళు తగిలితే జివ్వుమనడం మిగిలింది. నీళ్ళు మరిగించి తాగితే ఫ్లోరైడ్ పోతుందని ఇప్పటికీ అనేవాళ్ళున్నారు; మరిగిస్తే నీరు ఆవిరై ఫ్లోరైడ్ మరింత చిక్కబడుతుందే తప్ప పోదు. పటిక, సున్నం కలిపి దాన్ని తేర్చే పద్ధతికి నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ నీరి మా నల్లగొండ పేరే పెట్టింది.

2016లో మిషన్ భగీరథ మొదలయ్యాక మా ఇంటి నల్లాకు కృష్ణా నీళ్ళు వచ్చాయి. చెల్లె పిల్లల ముందు పండ్లు చారలు లేకుండా మెరుస్తుంటే చూసి మా అమ్మ కళ్ళనీళ్ళు పెట్టుకుంది. ఆ సంతోషంలో మేమంతా ఒక విషయం మరిచిపోయాం. పెద్ద మేనల్లుడికి తొమ్మిదో ఏట దవడ వాచి, రాత్రంతా ఏడిస్తే నల్లగొండకు తీసుకుపోయాం. పుచ్చిపోయింది పాల పన్ను కాదని, ఆరేళ్ళప్పుడు వచ్చిన శాశ్వత దవడపన్ను అని డాక్టరు చెప్పినప్పుడు చెల్లె నమ్మలేకపోయింది. ఆ పన్ను ఏ పాల పన్నూ ఊడకుండానే, వాటన్నిటి వెనక నిశ్శబ్దంగా మొలుస్తుంది. అందుకే దాన్నీ పాల పన్ననుకుని, ఎలాగూ ఊడేదే కదా అని ఇంట్లో ఎవరూ పట్టించుకోరు. దాని పైన లోతైన గాడులుంటాయి, బిస్కెట్ పిండి అందులో ఇరుక్కుంటుంది. పుచ్చకముందే ఆ గాడులను పూతతో మూయించుకోవచ్చని, ఏడెనిమిదేళ్ళ వరకైనా రాత్రి పూట పెద్దవాళ్ళే పిల్లల పండ్లు తోమాలని మాకు అప్పుడే తెలిసింది.

పద్దెనిమిది దాటిన పిల్లలకు జ్ఞానదంతం నొప్పి వస్తుంది, చూపించుకుంటారు. నన్ను భయపెట్టేది గుట్కా. అందులోని వక్క నమిలి నమిలి బుగ్గలు లోపల గట్టిపడి, మూడు వేళ్ళు పట్టాల్సిన నోరు ఒక వేలు కూడా పట్టనంతగా బిగుసుకుపోయిన కుర్రవాణ్ణి మా వాడలోనే చూశాను. అది క్యాన్సరుకు దారి తీయగల జబ్బు. గర్భిణులకు చిగుళ్ళు వాచి రక్తం కారితే వైద్యానికి కాన్పు అయ్యేదాకా ఆగమంటారు గానీ, ఆగనవసరం లేదు.

అమ్మకు షుగరు ఉంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళు చెడుతాయని, చిగుళ్ళు చెడితే షుగరు అదుపు తప్పుతుందని ఆమె ఒక్కో పన్ను వదులై ఊడిపోయాకే మేము అర్థం చేసుకున్నాం. అన్నేళ్ళూ నీళ్ళ దోషమనే అనుకున్నాం. బీపీ గోళీలతో నోరు ఎండిపోవడం వల్ల మిగిలిన నాలుగు పండ్లు వేరు దగ్గర పుచ్చుతున్నాయి. ఇప్పుడు కట్టుడు పండ్లు రాత్రి తీసి నీళ్ళ గిన్నెలో వేసి పడుకుంటుంది.

చిన్న మేనల్లుడికి ఈ దసరాకు ఆరేళ్ళు నిండుతాయి. వారానికోసారి వాణ్ణి ఒళ్ళో పడుకోబెట్టుకుని, ఫోను లైటు వేసి చివరి పాల పన్ను వెనక చూస్తున్నాను. కింద ఎడమ వైపు తెల్లటి కొన కనిపించింది.