పటం మళ్ళీ మార్చారు

అక్టోబర్ 23, 2025, గురువారం
మోరిస్‌విల్, నార్త్ కరోలినా

పొద్దున ఆఫీసుకి వెళ్తూ నాన్నకి ఫోన్ చేశాను. కార్తీకం మొదలైంది కదా, అమ్మ శివాలయానికి వెళ్లిందట. ఆ కబుర్లు అయ్యీ అవగానే, "ఏరా, మీ గవర్నమెంటు ఇంకా తెరవలేదా?" అన్నారు. ఇవాళ్టికి షట్‌డౌన్ (ఖర్చుల బిల్లు నెగ్గక ప్రభుత్వ ఆఫీసులు మూతపడడం) 23వ రోజు. బడ్జెట్ నెగ్గకపోతే మన దగ్గర ప్రభుత్వమే పడిపోతుంది. ఇక్కడ ప్రభుత్వం అలాగే ఉంటుంది, జీతాలు ఆగిపోతాయి. రాలీ ఎయిర్‌పోర్టులో బ్యాగులు తనిఖీ చేసేవాళ్లు ఈ నెల మొదటి నుంచీ జీతం లేకుండానే డ్యూటీకి వస్తున్నారు. కాంగ్రెస్ (ఇక్కడి పార్లమెంటు) సభ్యులకి మాత్రం ఏడాదికి 1,74,000 డాలర్ల జీతం ఆగదు. దిగువ సభ సెప్టెంబర్ 19 తర్వాత ఓటింగ్‌కి సమావేశం కానే లేదు.

నాన్న ఇంకో మాట అడిగారు. "మనకంటే 1985లో ఫిరాయింపుల చట్టం వచ్చింది, విప్‌ని ధిక్కరిస్తే పదవి పోతుంది. మీకు ఆ చట్టం లేదు కదరా. ఇటు నుంచి పదిమంది, అటు నుంచి పదిమంది కలిసి గొడవ తేల్చెయ్యొచ్చుగా?"

తేల్చెయ్యొచ్చు. సెనేట్‌లో రిపబ్లికన్లు 53 మంది ఉన్నారు, బిల్లు ముందుకి కదలాలంటే 60 ఓట్లు కావాలి. ఆరోగ్య బీమా సబ్సిడీలు ఈ ఏడాదితో అయిపోతున్నాయి, వాటి సంగతి తేల్చమని డెమోక్రాట్లు. ముందు ప్రభుత్వం తెరవండి, తర్వాత మాట్లాడదామని రిపబ్లికన్లు. మనుషులు కూర్చుంటే తేలని లెక్క కాదిది. మరి ఎందుకు తేలదో చెప్పబోయేసరికి ఆఫీసు వచ్చేసింది. కానీ జవాబు నిన్నే మా రాష్ట్ర అసెంబ్లీలో కనిపించింది.

నిన్న అసెంబ్లీలో మెజారిటీ ఉన్న రిపబ్లికన్లు నార్త్ కరోలినా కాంగ్రెస్ నియోజకవర్గాల సరిహద్దుల పటం మళ్ళీ మార్చారు. మొత్తం 14 సీట్లు. 2022లో కోర్టు గీయించిన పటంతో 7-7 వచ్చాయి. ఆ నవంబర్ ఎన్నికలతోనే రాష్ట్ర సుప్రీంకోర్టు రిపబ్లికన్ జడ్జిల చేతికి మారింది (ఇక్కడ జడ్జిలని కూడా బ్యాలెట్ మీద వాళ్ల పేరు పక్కన పార్టీ పేరు రాసి ఎన్నుకుంటారు, దీనికి నేను ఇంకా అలవాటు పడలేదు). పార్టీ లాభం కోసం పటం గీయకూడదని ఏడాది ముందు అదే కోర్టు ఇచ్చిన తీర్పు 2023 ఏప్రిల్‌లో తిరగబడింది. కొత్త పటం వచ్చింది, 2024లో రిపబ్లికన్లకి 10, డెమోక్రాట్లకి 4 అయింది. ఇప్పుడు 11-3 కావాలట. అందుకోసం ఈశాన్యం వైపున్న ఒకటో నియోజకవర్గాన్ని కోశారు. 1992 నుంచి అక్కడ గెలుస్తూ వస్తున్నది నల్లజాతి ప్రతినిధులే. గవర్నర్ డెమోక్రాట్, అయినా పటాల మీద ఆయనకి వీటో లేదు. 2016 నుంచి ఎన్నికలకి వాడినవి లెక్కేస్తే ఇది అయిదో పటం.

ఇది ఒక్క పార్టీ పాపం కాదు. ఆగస్టులో టెక్సాస్ రిపబ్లికన్లు ఇంకో అయిదు సీట్ల కోసం పటం మార్చారు. దానికి బదులుగా డెమోక్రాట్ల చేతిలో ఉన్న కాలిఫోర్నియా తన స్వతంత్ర కమిషన్ గీసిన పటాన్ని పక్కన పెట్టడానికి నవంబర్ 4న ఓటు పెట్టింది. ఇల్లినాయ్‌లో డెమోక్రాట్లు 14-3 వచ్చేలా ఎప్పుడో గీసుకున్నారు. ఇలాంటి పటాల్లో ఫెడరల్ కోర్టులు జోక్యం చేసుకోవని అమెరికా సుప్రీంకోర్టు 2019లో చెప్పేసింది. ఆ కేసు వెళ్లింది కూడా మా రాష్ట్రం నుంచే.

నాన్నకి చెప్పాల్సిన జవాబు ఇదే. గెలుపు పటంలోనే రాసిపెట్టి ఉన్న సభ్యుడు నవంబర్‌లో ఓటరుకి భయపడడు. తన పార్టీ ప్రైమరీలో (పార్టీ అభ్యర్థిని ఓటర్లే ఎంచుకునే ముందు ఎన్నిక) తనకంటే గట్టిగా అరిచేవాడికి భయపడతాడు. అవతలి పార్టీతో రాజీకి కూర్చుంటే ఆ ప్రైమరీలో టికెట్ పోతుంది. చట్టం లేకపోయినా విప్ పనిచేస్తోంది. దానివల్ల జీతం ఆగిన మనిషి ఇల్లు ఎలా గడుస్తుందో అడిగే నాథుడు లేడు.

మధ్యాహ్నం వరంగల్ కుర్రాడు ఒకతను ఫోన్ చేశాడు, ఇదివరకు మా టీమ్‌లో చేసేవాడు. లేఆఫ్ అయింది, హెచ్-1బీ మీద ఉన్నాడు కాబట్టి ఇక్కడ ఉండడానికి అరవై రోజుల గడువు. వేరే ఉద్యోగం దొరికింది. కానీ కొత్త కంపెనీ వీసా పిటిషన్ వెయ్యాలంటే ముందు ఎల్‌సీఏ (కార్మిక శాఖ ఆమోదం) రావాలి, అది ఇచ్చే ఆఫీసు షట్‌డౌన్‌తో మూతపడింది. "అన్నా, గడువు మాత్రం ఆగదంట. పాప స్కూలు మధ్యలో ఉంది" అన్నాడు. గొంతులో టెన్షన్ తెలుస్తూనే ఉంది. లాయర్‌తో మాట్లాడమనడం తప్ప నేనేం చెప్పగలను? అతనికి ఇక్కడ ఓటు లేదు. గ్రీన్ కార్డులకి దేశాల కోటా తీసేసే బిల్లు 2019లో దిగువ సభలో 365-65తో నెగ్గింది. రెండు పార్టీలూ ఓటేశాయి. 2020 డిసెంబర్‌లో సెనేట్ కూడా మార్పులతో పాస్ చేసింది. రెండు రూపాల్నీ కలిపి ఒకటి చెయ్యకుండానే సభ గడువు ముగిసింది, బిల్లు పోయింది. దానివల్ల ఏ పార్టీకీ ఒక్క సీటు పెరగదు కదా, ఎవరికి తొందర?

నాకు అన్నిటికంటే కోపం తెప్పించింది వేరే ఉంది. షట్‌డౌన్ మొదలవగానే విద్యా శాఖ ఉద్యోగుల ఈమెయిల్ ఆటో రిప్లైలు వాళ్లకి చెప్పకుండానే మార్చేసి, తప్పంతా డెమోక్రాట్లదేనని రాశారు. పని లేకుండా ఇంట్లో కూర్చోబెట్టిన ఉద్యోగి పేరుతోనే పార్టీ ప్రచారం! ప్రభుత్వం అందరిదీ. ఆ ఉద్యోగికి జీతం నా పన్నుల్లోంచి వెళ్తుంది, ఏ పార్టీకీ ఓటెయ్యని వాడి పన్నుల్లోంచి కూడా.

జనం ఇంతగా పార్టీలకి కట్టుబడి ఉన్నారా అంటే, నేను నమ్మను. ఈ రాష్ట్రంలో ఏ పార్టీ పేరూ రాయించుకోని నాలాంటి ఓటర్లు ఇప్పుడు రెండు పార్టీల్లో ఏ ఒక్కదాని ఓటర్ల కంటే అయినా ఎక్కువ. 2024లో ఇక్కడ ట్రంప్ మూడు శాతం తేడాతో గెలిచాడు. అదే రోజు, అదే బ్యాలెట్ మీద, డెమోక్రాట్ జాష్ స్టైన్ పద్నాలుగు శాతానికి పైగా తేడాతో గవర్నర్ అయ్యాడు. లక్షల మంది ఒక్కో మనిషినీ చూసి ఓటేశారు. అలాంటి జనం పంపే 14 మందిలో 11 మంది ఎవరో ముందే ఖాయం చెయ్యడం అంటే ఆ ఓటర్లని అవమానించడమే.

సాయంత్రం నేనూ మా ఆవిడా వెళ్లి టౌన్ కౌన్సిల్‌కి ముందస్తు ఓటు వేసి వచ్చాం. మోరిస్‌విల్ బ్యాలెట్ మీద పార్టీ పేర్లు ఉండవు, ఉత్త మనుషుల పేర్లే. అందుకే నిన్న రాత్రి కూర్చుని ట్రాఫిక్ గురించి, ఇళ్ల పన్ను గురించి, పార్కుల గురించి ఎవరేమన్నారో చదవాల్సి వచ్చింది. ఒక చోట ఇద్దరం వేరు వేరుగా ఓటేశాం, కారులో దాని మీద వాదించుకున్నాం కూడా. మా రాష్ట్రంలో స్కూల్ బోర్డు ఎన్నికల్ని ఒక్కో కౌంటీలో పార్టీ పేర్లతో జరిగేలా మార్చుకుంటూ వస్తున్నారు. మా ఊరి కౌన్సిల్ జోలికి రావద్దని మా అసెంబ్లీ ప్రతినిధికి ఈ వారాంతం ఉత్తరం రాస్తాను. మా ఆవిడ కూడా సంతకం పెడతానంది.