నిద్రపోయినట్టు సంతకం

"ఓడను బెర్తుకు కట్టింది రాత్రి రెండింటికి. ఆ గంటలో డెక్ పనివాళ్ల మేస్త్రీ బోసన్ నిద్రలో ఉన్నట్టు రాశారు. మరి తాళ్లు ఎవరు వేశారు?" ఎవరెప్పుడు విశ్రాంతి తీసుకున్నారో రాసే రెస్ట్ అవర్స్ షీటూ, ఓడ కదలికల సమయాలు రాసే బెల్ బుక్కూ పక్కపక్కన పెట్టి ఆస్ట్రేలియా పోర్టు ఇన్‌స్పెక్టర్ ఇలా నిలదీస్తే, మన విశాఖ కుర్రాళ్లకు కోపం వచ్చేది కెప్టెన్ మీద కాదు, ఆయన మీదే. చాకిరీ చేసిందీ మేమే, దొంగలమూ మేమేనా అని.

కోపంలో న్యాయముంది. అయినా లెక్క చూడండి. సముద్ర కార్మిక ఒప్పందం, అదే ఎంఎల్‌సీ 2006, ప్రకారం ఏ 24 గంటల్లోనైనా 10 గంటలు, ఏడు రోజుల్లో 77 గంటలు విశ్రాంతి ఉండాలి. ఆ పదినీ రెండు ముక్కలకు మించి చేయకూడదు, ఒక ముక్క ఆరు గంటలకు తగ్గకూడదు. ఆరు గంటల డ్యూటీ, ఆరు గంటల విరామంతో నడిచే ఓడలో వాచ్ (కాపలా డ్యూటీ) అప్పగింత పావుగంట సాగినా ఆ ఆరు చెడినట్టే. అందుకే షీటు మీద అబద్ధం పుడుతుంది.

ఓడ సముద్రయోగ్యత, అంటే ప్రయాణానికి తగినట్టు ఉండటం, అనగానే సరుకు గది మూత (హ్యాచ్ కవర్) రబ్బరు, లైఫ్‌బోట్ హుక్కు గుర్తొస్తాయి. చాలినంత మంది లేకపోయినా ఓడ అయోగ్యమే. ఓడను యోగ్యంగా ఉంచేందుకు తగిన ప్రయత్నమంతా చేయడం సిబ్బంది పట్ల యజమాని బాధ్యతని 1876 నాటి బ్రిటిష్ చట్టమే అంది, కాగితం మీద రాసుకోకపోయినా సరే. రేపు తాళ్లు లాగే వించి దగ్గర చెయ్యి నలిగితే, "పది గంటలు నిద్రపోయాడు, ఇదిగో సంతకం" అని అదే షీటును మన మీదికి తిప్పుతారు.

మరి ఆ అబద్ధం షీటు మీద సంతకం ఎందుకు పెడతారు? ఏజెంటుకు లక్షలు పోసి ఎక్కినవాడు నోరెత్తడు. మెడికల్, సీడీసీ (నావికుడి గుర్తింపు పుస్తకం), పాస్‌పోర్టు ఖర్చులు తప్ప ఉద్యోగానికి పైసా తీసుకోకూడదని అదే ఒప్పందం అంటుంది. వడ్డీ కడుతున్న ఇంట్లోవాళ్లకు ఆ మాట చెప్పి ఏం లాభం!

షీటు మీద కెప్టెన్ సంతకంతో ఒక కాపీ మన హక్కు. అడగాలి. జేబులో చిన్న పుస్తకం పెట్టుకుని స్టాండ్‌బై (సిద్ధంగా ఉండమన్న పిలుపు) ఎప్పుడు, మొదటి తాడు ఎప్పుడు, ఆల్ ఫాస్ట్ (తాళ్లన్నీ కట్టేయడం) ఎప్పుడు అని రాసుకుని, ఫోటో ఇంటికి పంపాలి. ఫిర్యాదు చేసినవాడి పేరు ఇన్‌స్పెక్టర్ బయటపెట్టకూడదు. రెండు నెలలు జీతం రాకపోతే యజమాని సిబ్బందిని వదిలేసినట్టే లెక్క. అలా వదిలేస్తే నాలుగు నెలల దాకా జీతం బకాయి, ఇంటికి టికెట్టు ఇవ్వాల్సిన బీమా పత్రం సిబ్బందికి కనిపించే చోట అంటించి ఉండాలి. దాని మీది గడువు తేదీని కూడా ఆ పుస్తకంలోనే రాసుకోండి.