పునీత ఇసిడోరు స్వరూపం: చెక్కడం అయింది, జిప్సం పూత నడుస్తోంది

కోటు అంచులు నునుపు చేయడంతో ఇసిడోరు గారి స్వరూపం చెక్కుడు పని పూర్తయింది. అమెరికాలోని న్యూ మెక్సికో రాష్ట్రంలో ఇలాంటి చెక్క స్వరూపాలను బుల్తోలు అంటారు, చేసేవారిని సాంతేరోలు అంటారు. మెక్సికో నుంచి విగ్రహాలు తెప్పించుకోవడం కష్టమైన రోజుల్లో ఇక్కడి పల్లెవాళ్ళు దగ్గర్లో దొరికిన చెక్కతో, మట్టి రంగులతో తమ పునీతులను తామే చేసుకున్నారు. ఆల్బుకర్కీలో ఉంటూ నేర్చుకుంటున్నాను కాబట్టి నేనూ ఆ పద్ధతిలోనే చేస్తున్నాను.

చెక్క కాటన్‌వుడ్ చెట్టు వేరు. ఎండితే చాలా తేలిక, మెత్తన. కొండపల్లి తెల్ల పొణికి పట్టుకున్నవాళ్ళకు ఈ బరువు వెంటనే అర్థమవుతుంది. కత్తి ఎటు నడిపినా పెద్దగా పెళ్ళలు లేవవు. మెత్తన కదా అని మొద్దు కత్తితో లాగితే మాత్రం కోత దగ్గర నలిగిపోతుంది, పదును మాటిమాటికీ చూసుకోవాలి. ఎండబెట్టేటప్పుడు వీపు వైపు ఒక పగులు వచ్చింది. ఈ ఊరి పొడిగాలికి అది మామూలే. రంపపు పొట్టును జిగురులో కలిపి నింపాను. కొండపల్లిలో చింతగింజల జిగురుతో చేసే మక్కు లాంటిదే ఇది కూడా.

ఇసిడోరు మాడ్రిడ్ దగ్గర వ్యవసాయ కూలీ. ఆయన ప్రార్థనలో ఉంటే దేవదూత వచ్చి పొలం దున్నాడని కథ. 1622 మార్చి 12న ఆయనను పునీతుడిగా ప్రకటించారు. మన ఫ్రాన్సిస్ శౌరి వారినీ, అవిలా తెరేసమ్మనూ ప్రకటించింది కూడా ఆ రోజే. పండుగ మే 15. ఇక్కడ ఆ రోజుల్లో పొలాలనూ సాగుకాలువలనూ ఆశీర్వదిస్తారు.

నా స్వరూపం ఎత్తు పన్నెండు అంగుళాలు, ఎద్దులు నాలుగు అంగుళాలు, దేవదూత మూడు అంగుళాలు. ఎద్దులు ఆయన మోకాలి దగ్గరే ఆగిపోతాయి. పాత బుల్తోల్లో కొలత ఇలాగే ఉంటుంది, దీన్ని సరిచేయాలని చూడకండి. ఎవరికి మొక్కుతామో ఆయన పెద్దగా ఉండాలి, అంతే. ముఖం, చేతులు కూడా ఒంటికి కొంచెం పెద్దవిగానే చెక్కాను. చేతులు విడిగా చేసి సన్నని చెక్క మేకులతో బిగించాను. కుడి చేతిలో ములుకోల. కాడి విషయంలో మాత్రం మన అలవాటు పక్కన పెట్టాల్సి వచ్చింది. మనకు కాడి మెడ మీద ఉంటుంది, స్పానిష్ పద్ధతిలో దాన్ని కొమ్ములకు తోలుతాడుతో కట్టేవారు. అందుకని కొమ్ముల మొదళ్ళు లావుగా ఉంచాను.

ఇప్పుడు అసలు పని. బుల్తో బాగుందా లేదా అన్నది తేలేది చెక్కుడులో కాదు, ఈ తెల్ల జిప్సం పూతలోనే అని నా గట్టి నమ్మకం. కత్తి గాట్లన్నీ దీని కిందికి పోతాయి, కళ్ళూ పెదవులూ దీని మీదే వస్తాయి.

లీటరు నీటికి 70 గ్రాముల కుందేలు చర్మపు జిగురు వేసి రాత్రంతా నానబెట్టాలి. పొద్దున ఆ గిన్నెను వేడినీళ్ళ గిన్నెలో పెట్టి కరిగించాలి. వేడి 60 డిగ్రీలు దాటకూడదు, మరిగితే జిగురు పట్టు పోతుంది. ముందు ఒట్టి జిగురునీళ్ళు ఒక పూత వేసి ఆరనివ్వాలి. మేకుల దగ్గర, పూడ్చిన పగులు మీద పలుచని నూలుగుడ్డ పీలికలు జిగురులో ముంచి అంటిస్తే తర్వాత పూత చిట్లదు.

తర్వాత మెత్తని జిప్సం పొడిని గోరువెచ్చని జిగురులో కొద్దికొద్దిగా చల్లుతూ, చిక్కని పాలలా వచ్చేదాకా కలపాలి. గబగబా తిప్పితే గాలి బుడగలు పడి, ఆరాక సూది బెజ్జాలు మిగులుతాయి. ప్లాస్టర్ ఆఫ్ పారిస్ నేరుగా వాడొద్దు, గిన్నెలోనే గడ్డకడుతుంది. పూతలు పలుచగా ఆరు నుంచి ఎనిమిది దాకా వేయాలి. ఒకటి నిలువుగా వేస్తే తర్వాతిది అడ్డంగా. తడి మెరుపు పోగానే తర్వాతి పూత వేసేయాలి. ముఖం మీద మాత్రం నేను నాలుగుతో ఆపేస్తున్నాను, లేకపోతే కనురెప్పలు పూడిపోతాయి. పూర్తిగా ఆరాక 220 నంబరు ఉప్పు కాగితం, ఆపైన 400. మాస్క్ తప్పనిసరి.

న్యూ మెక్సికోలోనే ఉన్న కోర్డోవా ఊరి చెక్కుడు పనివాడు హోసే డొలొరెస్ లోపెస్ 1920ల్లో రంగు లేకుండా, చెక్క మీద సన్నని గాట్ల నగిషీతోనే చేసిన పునీతులంటే నాకు చాలా ఇష్టం. ఆ దారిలో వెళ్ళాలనుకునేవాళ్ళు ఆస్పెన్ లాంటి చెక్క తీసుకోవాలి. ఈ వేరు మీద అంత సన్నని గాటు నిలవదు.

రంగులకు కోటు నీలిమందుతో, దేవదూత అంగీ కొచినీల్ పురుగుల నుంచి తీసే ఎరుపుతో, టోపీ దీపపు మసితో అనుకుంటున్నాను. పైన పిన్యోన్ పైన్ బంకను ఆల్కహాల్‌లో కరిగించి వార్నిష్ వేస్తాను. కొచినీల్ మీద అది ఎలా కూర్చుంటుందో ముందు ఒక పూత వేసిన చెక్కముక్క మీద చూడాలి. దేవదూత రెక్కలు రంగులయ్యేదాకా అతికించను. ముందే అతికిస్తే వాటి వెనక్కి కుంచె పోదు.