ఆపరేషన్ థియేటర్‌లో టిక్కులు మాటలయ్యాయి

మా ఆపరేషన్ థియేటర్‌లో సర్జికల్ చెక్‌లిస్ట్, అంటే ఆపరేషన్‌కు ముందూ తర్వాతా సరిచూసుకోవాల్సిన వాటి పట్టిక, లేదని ఎవరూ వేలెత్తి చూపలేరు. ప్రతి కేసు షీటులోనూ ఉండేది, ఒక్క గడి కూడా ఖాళీ లేకుండా. చిక్కల్లా ఏమిటంటే, రోగి ఇంకా బయట స్ట్రెచర్ మీద ఉండగానే, ఆపరేషన్ అయ్యాక లెక్కపెట్టాల్సిన గాజుగుడ్డల దగ్గర కూడా టిక్కు పడిపోయేది. తనిఖీకి వచ్చినవాళ్లు కాగితాలు తిరగేసి, మెచ్చుకుని వెళ్లేవారు.

నాది మదనపల్లె. బెంగళూరులో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో థియేటర్ నర్సులకు ఇన్‌చార్జిని. ఈ తంతు మార్చే పని యాజమాన్యం నాకూ, మత్తు డాక్టరుగారికీ అప్పగించింది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో తెచ్చిన చెక్‌లిస్ట్ ఇది. మొత్తం 19 అంశాలు: మత్తు ఇచ్చే ముందు కొన్ని, కోత పెట్టే ముందు కొన్ని, రోగిని థియేటర్ నుంచి పంపే ముందు కొన్ని. న్యూఢిల్లీతో సహా ఎనిమిది నగరాల్లో వాడి చూస్తే మరణాలు 1.5 శాతం నుంచి 0.8 శాతానికి తగ్గాయని 2009లో ప్రచురించారు. నేను ఈ లెక్క చెప్పగానే మా సీనియర్ సర్జన్ ఎదురు లెక్క తీశారు. కెనడాలోని ఒంటారియోలో 101 ఆసుపత్రుల్లో అమలుచేశాక చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదని 2014లో వచ్చిన అధ్యయనం అది. ఆయన మాకు అడ్డుపుల్ల వేయడానికే తెచ్చారు గానీ, నాకు అదే అక్కరకొచ్చింది. "చెక్‌లిస్ట్ ఉన్నంత మాత్రాన ఏమీ మారదని మీరే చూపిస్తున్నారు కదా సార్. మరి కాగితం పక్కన పెట్టి చదివి చూద్దామా?" అన్నాను. కాదనలేకపోయారు.

కాగితం బదులు గోడకు పెద్ద బోర్డు పెట్టించాం. నర్సు పైకి చదవాలి, అందరూ వినబడేలా జవాబివ్వాలి. అది పూర్తయ్యేదాకా స్క్రబ్ నర్సు కత్తి అందించదు. పోస్టర్లు, ప్రతిజ్ఞలు, వక్తల ఉపన్యాసాలు అన్నీ వద్దన్నాను. వాటికి పెట్టే ఖర్చుతో ఇంకో గోడ గడియారం కొనుక్కోవచ్చు.

రోగిని పేరు అడిగే తీరు కూడా మార్చాం. హిందూపురం నుంచో, చింతామణి నుంచో వచ్చిన పెద్దాయనను "మీరు ఫలానా గారేనా?" అంటే, భయంలో దేనికైనా "ఆ" అంటాడు. అందుకే "మీ పేరేమిటి, ఏ కాలికి ఆపరేషన్?" అని ఆయన నోటే చెప్పించాలన్నాం. తెలుగు, కన్నడం, తమిళం ఏది వస్తే అది మాట్లాడే నర్సు పక్కన ఉండాలి.

అసలు మలుపు ఒక మోకాలి ఆపరేషన్ రోజు వచ్చింది. ముందు కేసు ఆలస్యమైంది. బోర్డు చదువుతున్న మా నర్సు, కదిరి అమ్మాయి, యాంటీబయాటిక్ దగ్గర ఆగిపోయింది. ఆ మందు కోతకు ముందు అరవై నిమిషాల్లోపు పడాలి.

"ఇచ్చాం కదా, కానివ్వండి," అన్నారు సీనియర్ సర్జన్.

"ఇచ్చింది తొమ్మిదింటికి సార్. ఇప్పుడు పదీ ఇరవై."

అందరూ గడియారం చూశారు. మత్తు డాక్టరుగారు మారుమాట లేకుండా ఇంకో డోసు తీశారు. సర్జన్ గ్లౌజుల చేతులు గుండెల దగ్గర పెట్టుకుని అలాగే నిలబడ్డారు. మధ్యాహ్నం కాఫీ దగ్గర "ఆ పిల్ల నన్నే ఆపేసింది!" అని తోటి సర్జన్లకు చెప్పారు. అందులో ఫిర్యాదెంతో, గొప్పెంతో నాకిప్పటికీ తెలియదు. నేను పెట్టిన శిక్షణ తరగతులన్నీ కలిపినా ఆ ఒక్క మాట ఊరేగినంత దూరం పోలేదు. పెద్దాయనే ఆగినప్పుడు చిన్న డాక్టర్లు విసుక్కోవడానికి మొహం చెల్లలేదు.

ఇక తృటిలో తప్పిన పొరపాట్లు రాసే పుస్తకం. అంతకుముందు రాసినవాళ్లకే మెమో వచ్చేది, ఇక ఎవరు రాస్తారు? సంజాయిషీ అడగకూడదని యాజమాన్యంతో రాతపూర్వకంగా ఒప్పించాను. ఒకేలా ఉన్న రెండు ఇంజెక్షన్లు పక్కపక్కనే ఉన్నాయని ఒక టెక్నీషియన్ రాస్తే, ఆ వారంలోనే ట్రే మార్చి, ఎందుకు మార్చామో బోర్డు మీద పెట్టాం. దాని తర్వాత పుస్తకం నిండసాగింది. చూసి పైవాళ్లు కంగారుపడ్డారు, పొరపాట్లు పెరిగాయనుకుని. పెరిగింది రాయడమేనని నచ్చజెప్పడానికి నెలలు పట్టింది.

ఇంకో తలనొప్పి వలస. నేర్పిన నర్సులు గల్ఫ్‌కో, ఐర్లండ్‌కో వెళ్లిపోతారు. తప్పుపట్టలేను, జీతాలు అలాంటివి. అందుకే కొత్తగా చేరినవాళ్ల చేతే మొదటి వారంలోనే బోర్డు చదివిస్తున్నాం. సర్జన్‌ను ఆపడం అలవాటు కాకముందే ఆయనకు భయపడటం అలవాటైతే, తర్వాత మాన్పించడం కష్టం.

రాత్రి ఎమర్జెన్సీ కేసుల్లో మాత్రం చదవడం ఇప్పటికీ దాటిపోతోంది. బయటి నుంచి వచ్చే సర్జన్లు టైము లేదంటారు, రాత్రి డ్యూటీలో ఉండేదేమో చిన్నవాళ్లు. వచ్చే నెల నుంచి నన్ను నైట్ డ్యూటీలో వేయమని అడిగాను.