5 కాదు, 7 అయ్యుండాలి: జోన్స్ గారి భుజం మీది అంకె

నాలుగు వారాలుగా నా బల్ల మీద ఒకటే ఫోటో. మా అత్తగారి తాతగారు జోన్స్ గారిది. సైనిక దుస్తుల్లో స్టూడియో కుర్చీ పక్కన నిలబడి ఉన్నారు, ఎడమ భుజం మనవైపు. నిన్న ఆదివారం మళ్లీ స్కాన్ చేశాను. ఆ భుజం మీది ఇత్తడి అంకె ఆయన ఏ బెటాలియన్ (రెజిమెంటులో ఒక దళం) వారో చెబుతుంది. అది 5 ఓ 7 ఓ ఇంకా తేలలేదు. తేలితే మూడేళ్ల పని ఒడ్డున పడుతుంది.

వేల్స్‌లో పూర్వీకుల్ని వెతికేవాళ్లకి ఈ బాధ తెలుసు. జోన్స్ అంటే జాన్ కొడుకు అని. తండ్రి పేరే కొడుక్కి ఇంటిపేరయ్యే పద్ధతి ఉత్తరాన కొన్ని కుటుంబాల్లో 19వ శతాబ్దం దాకా నడిచింది. దాంతో ఊరంతా జోన్స్‌లే, డేవిస్‌లే. మనుషుల్ని గుర్తుపట్టడానికి ఉంటున్న ఇల్లు, పొలం పేరు కలిపి పిలుచుకునేవాళ్లు. ‘ఇంటిపేరు’ అని మనం చిన్నప్పట్నుంచీ అంటున్న మాటకి అసలు అర్థం నాకు ఆయన ఊరు బ్లైనై ఫెస్టినియోగ్‌లో సమాధుల మధ్య తెలిసొచ్చింది. కానీ సైన్యం గుమస్తా పొలం పేరు రాయడు, నంబరు రాస్తాడు. మన దగ్గర లేనిదే ఆ నంబరు.

సర్వీసు కాగితాలు దొరకలేదు. 1940 సెప్టెంబరులో లండన్ మీద పడ్డ బాంబులకి మొదటి ప్రపంచ యుద్ధపు సైనికుల కాగితాల్లో సగానికి పైగా కాలిపోయాయి, ఈయనవీ వాటిలోనే పోయుండాలి. మిగిలినవి పతకాల కార్డులు, అంటే ఏ సైనికుడికి ఏ పతకం రావాలో సైన్యం రాసుకున్న కార్డులు. ఉత్తర వేల్స్ వాళ్ల రెజిమెంటు రాయల్ వెల్ష్ ఫ్యూజిలియర్స్‌లో ఈయన పేరూ ఇంటిపేరూ కలిసిన కార్డులన్నీ తీసి, వయసూ ఊరూ పొసగనివి తీసేస్తే ఇద్దరు మిగిలారు. 1917 మొదట్లో టెరిటోరియల్ సైనికులకి (మామూలు రోజుల్లో సొంత పని చేసుకుంటూ తీరికవేళ శిక్షణ పొందే దళాల వాళ్లకి) కొత్తగా ఆరంకెల నంబర్లు ఇచ్చారు. ఈ రెజిమెంటులో 5వ బెటాలియన్‌కి 240001 నుంచి, 7వ దానికి 290001 నుంచి. నా ఇద్దరిలో ఒకాయన 240 వేలల్లో, ఇంకొకాయన 290 వేలల్లో ఉన్నారు. 7 అంటే మెరియోనెత్, మోంట్‌గోమరీ జిల్లాల వాళ్లు. బ్లైనై మెరియోనెత్‌దే కాబట్టి 7 అనుకోవడం న్యాయం. కానీ 1911 జనగణనలో ఈయన ఫ్లింట్‌షైర్‌లో బొగ్గు గని దగ్గర అద్దెగదిలో ఉన్నారు. 5 ఫ్లింట్‌షైర్ వాళ్లది!

ఇక ఫోటో. కార్డు 14 సెంటీమీటర్లు పొడవు, 9 వెడల్పు. భుజం మీది బిళ్లలో పైన ‘టి’ అక్షరం (టెరిటోరియల్ అని), కింద అంకె. అంకె ఎత్తు కాగితం మీద 0.6 మిల్లీమీటర్లు. ఎప్సన్ వి600 స్కానర్ మీద 1200 డిపిఐలో (అంగుళానికి 1200 చుక్కలు) తీస్తే 28 పిక్సెళ్లు వస్తోంది. పైన అడ్డగీత స్పష్టం, 11 పిక్సెళ్లు. కానీ 5కీ 7కీ రెంటికీ పైన అడ్డగీతే కదా. తేడా అంతా కింద సగంలోనే ఉంది, అక్కడ భుజం పట్టీ మడత నీడ పడింది. ఆ నీడలో కుడివైపు 4 పిక్సెళ్ల తెల్ల మచ్చ ఒకటి. అది 5 పొట్టా, లేక ఇత్తడి మీద మెరుపా?

2400లో తీశాను. మచ్చ 8 పిక్సెళ్లయింది, అంచులు మాత్రం అలాగే అలుక్కుపోయి ఉన్నాయి. అంటే స్కానర్ చేసిన తప్పు కాదు, కాగితం మీదే ఉంది. తర్వాత కార్డుని నాలుగు వైపులకీ తిప్పి తీశాను. స్కానర్ లైటు ఒక పక్క నుంచే వస్తుంది కాబట్టి కాగితం గరుకు వల్ల పడ్డ నీడైతే తిప్పినప్పుడు జరగాలి. మూడింటిలో అక్కడే ఉంది, నాలుగోదాంట్లో సగం మాయమైంది. చీకటి గదిలో టార్చి పక్కనుంచి వేసి చూస్తే సరిగ్గా అక్కడ కాగితం మీద చిన్న గీటు. వేలిగోరు గీసినంత సన్నం. అందుకే నా మనసు 7 వైపు మొగ్గుతోంది, పందెం మాత్రం కాయను. ఏఐతో ఫోటో పదును పెట్టే యాప్ ఒకటి వాడితే మొదటిసారి 5 అని, రెండోసారి 8 అని గీసిచ్చింది. పాత ఫోటోల మీద వాటిని దయచేసి వాడకండి, లేని అంకెని పుట్టిస్తాయి.

‘టి’ మాత్రం గట్టిగా కనిపించింది. కుటుంబంలో అందరూ ఆయన 1916 జులైలో ఫ్రాన్స్‌లోని మామెట్జ్ అడవిలో పోరాడారనే చెప్పుకుంటారు. అక్కడ పోరాడింది 38వ డివిజన్, అందులో ఈ రెజిమెంటు టెరిటోరియల్ బెటాలియన్లు లేవు. 5, 7 రెండూ 53వ డివిజన్‌వి: 1915 ఆగస్టులో టర్కీ తీరాన సువ్లా, తర్వాత ఈజిప్టు, 1917లో గాజా. ఈ సంగతి అత్తగారికి చెబితే కాసేపు మాట్లాడలేదు. “ఎండకి ఆయన ఎప్పుడూ నీడ వెతుక్కునేవారు కరియాద్, ఇప్పుడర్థమైంది” అన్నారు (వెల్ష్‌లో కరియాద్ అంటే ప్రియమైనవాళ్లని పిలిచే మాట). నక్షత్రం ఆకారపు పతకంతో ఆడుకున్నట్టు కూడా ఆమెకి గుర్తుంది, అది తాతదో పక్కింటివాళ్లదో తెలియదట. 290 వేల కార్డులో 1914-15 స్టార్ అనే నక్షత్రపు పతకం ఉంది, 240 వేల దాంట్లో లేదు. అందుకే నాకు ఆశ.

ఈ నెల మిగతా పని బాగానే సాగింది. వేల్స్ జాతీయ గ్రంథాలయం ఉచితంగా పెట్టిన పాత పత్రికల్లో ఆయన పెళ్లి వార్త వెల్ష్‌లో దొరికింది. పతకాల కార్డులకి యాన్సెస్ట్రీ వెబ్‌సైటే మేలు, కార్డు వెనకవైపు కూడా చూపిస్తుంది. 1921 జనగణనకి ఫైండ్‌మైపాస్ట్ వెబ్‌సైటు.

వచ్చే వారం డోల్గెథ్లై రికార్డుల కార్యాలయానికి వెళ్తున్నా. 1918 గైర్హాజరు ఓటర్ల (సైన్యంలో ఉండి ఊళ్లో లేనివాళ్ల) జాబితా చూడాలి, అందులో ఇంటి చిరునామా పక్కనే సైనికుడి నంబరు రాస్తారు. ఫెస్టినియోగ్ పేజీలు ఉంటే ఒక్క గంటలో తేలిపోతుంది. దారిలో పోర్త్‌మాడోగ్‌లో అత్తగారి పిన్ని కూతురి ఇంట్లో ఆగాలి. అదే రోజు తీసిన ఇంకో ఫోటో వాళ్ల దగ్గర ఉందట, అందులో ఆయన కుడి భుజం కనిపిస్తుందట. స్కానర్ కారులో పెట్టేశాను.