ఆర్డర్ ఏ దారిన వచ్చింది?

“మా పచ్చళ్ల సంగతి ఎలా తెలిసిందండీ?” అని అడిగితే, “మా వదిన ఫోన్‌లో మీ స్టేటస్ చూశానమ్మా” అంది ఇందాక ఫోన్ చేసినావిడ. రెండు కిలోల గోంగూర, కిలో ఆవకాయ. డల్లాస్‌లో ఉన్న కొడుక్కట.

ప్రతి ఆర్డర్ పక్కనా ఎక్కడి నుంచి వచ్చిందో పుస్తకంలో రాస్తున్నాను. ఏ పేజీ తిప్పినా వాట్సాపే!

ఇన్‌స్టాలో లైకులకి కొదవ లేదు. కానీ కొట్టేది కాలేజీ పిల్లలు, పచ్చడి కొనేది వాళ్లమ్మలు. స్టేటస్ 24 గంటల్లో పోతుంది, నిజమే. అయినా చూసేది నంబర్ సేవ్ చేసుకున్నవాళ్లు, అంటే మనల్ని ఎరిగినవాళ్లు.

2020 జూన్‌లో టిక్‌టాక్ మీద నిషేధం పడ్డాక మా వీధిలో చీరలమ్మే అక్కకి అంతమంది ఫాలోవర్లలో ఒక్కరి నంబరూ మిగల్లేదు. అది చూశాక నాకు నంబర్ల మీదే గురి.

తమ్ముడు ఎక్స్‌లో కూడా పెట్టమంటాడు. అక్కడ ఆవకాయలో వెల్లుల్లి వెయ్యాలా వద్దా అని కొట్టుకుంటారు గానీ కొనరురా బాబూ!

ఇకనుంచి రీల్స్ వారానికి ఒకటే. యూట్యూబ్‌లో మాత్రం ఆవకాయ కలిపే వీడియో ఉంచుతాను, మామిడికాయల రోజుల్లో జనం వెతుక్కుంటూ వస్తారు.