అమరేశ్వరుడి గుడి నుంచి దీపాలదిన్నె దాకా

అమరావతి వెళ్లొచ్చామంటే ఇప్పుడు అందరూ రాజధాని గురించే అడుగుతారు. మేం వెళ్లింది కృష్ణ ఒడ్డున ఉన్న పాత ఊరికి. గుంటూరు నుంచి సుమారు 35 కిలోమీటర్లు. పంచారామాల్లో ఒకటి కాబట్టి కార్తీకంలో ఇక్కడ ఇసుక వేస్తే రాలదు. అందుకని అమ్మను మాఘమాసంలో, పండుగ లేని రోజు చూసి తీసుకెళ్లాను. గైడును పెట్టుకోలేదు. ముందుగా కొంత చదువుకుని, ఒక కాగితం మీద దారి గీసుకున్నాను: రేవు, గుడి, మ్యూజియం, బౌద్ధ స్తూపం, ఓపిక మిగిలితే పక్కనే ఉన్న ధరణికోట.

రేవులో అమ్మ మూడు మునకలు వేసింది. నేను నెత్తిన నీళ్లు చల్లుకుని సరిపెట్టుకున్నాను. అక్కడి నుంచి మెట్లెక్కితే గుడి.

శివాలయంలో తల వంచి దర్శనం చేసుకోవడం మనకు అలవాటు. ఇక్కడ తల పైకెత్తాలి. తెల్లని శివలింగం సుమారు 15 అడుగులుంటుంది. అభిషేకం చేయాలంటే అర్చకులు పై అంతస్తుకు ఎక్కాల్సిందే. లింగం అలా పెరిగిపోతూ ఉంటే శిరసున మేకు కొట్టారనీ, అప్పుడు కారిన నెత్తురే లింగం మీది ఎర్రటి చార అనీ చెబుతారు. అమ్మకు ఈ కథ చిన్నప్పటి నుంచి తెలుసు. అయినా అర్చకుడు చెబుతుంటే కొత్తగా విన్నట్టు చెంపలు వేసుకుంది.

నా ధ్యాస వేరే దాని మీద ఉంది. ఈ గుడి స్తంభం మీద కోట వంశానికి చెందిన కేతరాజు 1182లో వేయించిన శాసనం ఉంది. అందులో ధాన్యకటకాన్ని (ఈ ప్రాంతపు పాత పేరు), అక్కడి బుద్ధుడి చైత్యాన్ని, అంటే స్తూపాన్ని వర్ణించి, బుద్ధుడికి ఊళ్లనూ అఖండదీపాలనూ ఇచ్చినట్టు రాయించాడు. శివుడి గుడిలోని రాతి మీద బుద్ధుడికి ఇచ్చిన దీపాల లెక్క! అమ్మకు చెబితే ఆశ్చర్యపడలేదు. "దీపం ఎవరికైతేనేమే, వెలిగించడం ముఖ్యం" అంది. ఆ మాటకొస్తే సింహళానికి చెందిన ఒక భిక్షువు ఇక్కడి బుద్ధాలయాన్ని బాగుచేయించినట్టు శ్రీలంకలోని గడలాదెణియ శాసనం చెబుతుంది. అది 1344 నాటిది.

గుడి నుంచి స్తూపానికి నడిచే వెళ్లాం. ఆటోలో వెళ్లేంత దూరం కాదు. పైగా ఈ వీధుల్లో నడుస్తుంటేనే కథ అర్థమవుతుంది. 18వ శతాబ్దం చివర్లో జమీందారు వాసిరెడ్డి వేంకటాద్రి నాయుడు తన రాజధానిని చింతపల్లి నుంచి ఇక్కడికి మార్చి ఈ ఊరిని కట్టించాడు. అమరేశ్వరుడికి మహాభక్తుడు. మంగళగిరి గాలిగోపురం కూడా ఆయన కట్టించిందే. కట్టడాలకు రాళ్లు కావాల్సి వచ్చినప్పుడు, ఊరి పక్కన జనం దీపాలదిన్నె అని పిలిచే దిబ్బ కనిపించింది. తవ్వితే శిల్పాలు చెక్కిన పలకలు బయటపడ్డాయి. ఆ దిబ్బే మట్టిలో కప్పడిపోయిన బౌద్ధ స్తూపం. కొన్ని కట్టడాల్లో కలిశాయి, కొన్ని సున్నంగా కాలిపోయాయి. ఆ సంగతి విని ఒకసారి వచ్చి చూసి వెళ్లిన ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కాలిన్ మెకంజీ 1816లో మళ్లీ వచ్చి మిగిలినవాటికి బొమ్మలు గీయించాడు. తరువాత కంపెనీ అధికారి వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరాయి. వాటిలో చాలా భాగం 1859లో లండన్‌కు ఓడ ఎక్కింది. ఇంత భక్తి ఉన్న మనిషి చేతుల మీదుగానే స్తూపం చెదిరిపోవడం నాకు మింగుడుపడలేదు. కానీ ఆ తవ్వకమే లేకపోతే దిబ్బ లోపల ఏముందో ఎప్పటికి తెలిసేదో!

స్తూపం పక్కనే పురావస్తు శాఖ మ్యూజియం ఉంది (శుక్రవారం సెలవు, చూసుకుని వెళ్లండి). అక్కడ పలక మీది పూర్ణఘటం, అంటే పూలతో నిండిన కలశం దగ్గర అమ్మ ఆగిపోయింది. "ఇది గవర్నమెంటు కాగితాల మీద ఉండేదే కదా!" అంది. అవును, ఆంధ్రప్రదేశ్ రాజముద్రలోని పూర్ణఘటానికి మూలం అమరావతి శిల్పమే.

స్తూపాన్ని చూస్తే మాత్రం నిరాశే. దాదాపు 50 మీటర్ల వ్యాసంతో చుట్టూ ఇటుక కట్టు, మధ్యలో పచ్చగడ్డి దిబ్బ, అక్కడక్కడ నిలబెట్టిన పల్నాటి సున్నపురాతి పలకలు. అంతకుమించి ఏమీ లేదు. చూడగానే నేను వెనక్కి తిరిగేదాన్నే. అమ్మ చెప్పులు విప్పి, కొంగు సవరించుకుని, కుడివైపుగా ప్రదక్షిణ మొదలుపెట్టింది. అలా తిరగడానికే ఆ దారి వేశారని ఆమెకు ఎవరూ చెప్పలేదు. నేనూ వెనకే నడిచాను.

ధరణికోట వెళ్లేసరికి ఎండ ముదిరింది. శాతవాహనుల నాటి మట్టికోట గట్టును దూరం నుంచే చూసి, దారిలో 125 అడుగుల ధ్యానబుద్ధుడికి దండం పెట్టుకుని బస్సెక్కాం.

అసలు శిల్పాలు ఎక్కడున్నాయని అమ్మ బస్సులో అడిగింది. లండన్‌లో కొన్ని, చెన్నై ఎగ్మోరు మ్యూజియంలో కొన్ని అన్నాను.

"ఎగ్మోరులోనా? పెళ్లిళ్లకు వెళ్లినప్పుడల్లా ఆ దారినే తిరిగాం కదే! ఒక్కసారైనా చెప్పావా?" అని కోప్పడింది. శ్రావణంలో పిన్ని మనవరాలి పెళ్లి చెన్నైలోనే. చీరలు కొనడానికి అనుకున్న రోజును మ్యూజియానికి మార్చేసి, బస్సులోంచే పిన్నికి ఫోను చేసి చెప్పింది.